మూడు తరాల చోటు

మా ల్యాబులో పిల్లల చేతికి మొదట ఇచ్చే సెన్సరు నోడులో, అంటే వేడినీ తేమనూ కొలిచి రేడియోలో కబురు పంపే చిన్న యంత్రంలో, ర్యామ్ 10 కిలోబైట్లు. తెలుగులో ఒక్కో అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ కంప్యూటరులో మూడేసి బైట్లు తీసుకుంటుంది. ‘శ్రీ’ అని రాస్తే పన్నెండు బైట్లు ఖర్చు. ఈ వ్యాసాన్ని ఆ నోడులో పెట్టబోతే ఐదో వంతు పట్టడం కష్టం. ఆ కాస్త చోటులోనే అది తన చుట్టుపక్కల ఏ నోడులున్నాయో గుర్తుంచుకోవాలి. ఎటు పంపితే కబురు ఇంటర్నెట్‌కు చేరుతుందో గుర్తుంచుకోవాలి. సగం వచ్చి సగం రాని ప్యాకెట్లను పట్టుకుని కూర్చోవాలి. కొలిచిన వేడినీ తేమనూ దాచుకోవాలి. “ఇది నిండితే ఏమవుతుంది మేడమ్?” అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నిండితే ఒకటి పోవాలి. ఏది పోవాలో మనం ముందే చెప్పి ఉండాలి.

ఆ మాట దగ్గర నాకు ఇంజినీరింగు ఆగిపోయి ఇంకేదో మొదలవుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఇలా ఉండేది కాదు. టైనీఓఎస్ అని సెన్సరు నోడుల కోసం బర్కిలీలో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ప్రోగ్రాము నడుస్తుండగా ‘నాకింకాస్త చోటు కావాలి’ అని అడిగే పద్ధతి అందులో ఉండదు. దేనికెంత చోటో కంపైలయ్యేటప్పుడే తేలిపోతుంది. అంటే నోడును చెట్టుకు కట్టకముందే, అది ఒక్క డిగ్రీ కూడా కొలవకముందే, దేన్ని ఎంతకాలం ఉంచుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో రాసిపెట్టి ఉంటుంది. ఆ మరుపు నోడుది కాదు, రాసినవాళ్లది. మరి మనసులో కాస్త చోటుతోనే పుట్టిన మనుషులకు మరిచిపోవడం దోషమేనా? దోషమైతే అది ఏ క్షణాన జరిగినట్టు?

చోటు ఎంత తక్కువో ముందు చెప్పాలి. నేను పాఠానికి వాడే టెలోస్-బి నోడులో ర్యామ్ కాక, కొలతలు దాచుకోవడానికి 1 మెగాబైటు ఫ్లాష్ కూడా ఉంటుంది. నిమిషానికో కొలత, కొలతకు రెండు బైట్లు చొప్పున రాసుకుంటూ పోతే అది 364 రోజులకు నిండుతుంది. క్యాంపస్‌లో చెట్ల కింద వేడిని కొలిచేవారికి అది బోలెడు చోటు. నేల కదలికను కొలిచేవారికి ఏమూలకూ చాలదు. 2005లో ఈక్వడార్‌లోని రెవెంతదోర్ అగ్నిపర్వతం మీద హార్వర్డ్ పరిశోధకులు 16 నోడులు పెట్టారు. సెకనుకు వందసార్లు కొలుస్తుంటే అదే 1 మెగాబైటు సుమారు 20 నిమిషాల్లో నిండింది. నిండగానే పాతదాని మీదే కొత్తది పడుతుంది. అంతా రేడియోలో పంపేద్దామంటే, ఒక బైటు పంపే ఖర్చుతో నోడు వేల లెక్కలు చేసుకోగలదు, బ్యాటరీ తట్టుకోదు. అందుకని వాళ్లొక ఏర్పాటు చేశారు. కదలిక పెద్దగా అనిపించినప్పుడు నోడు ‘ఇక్కడేదో జరిగింది’ అని చిన్న కబురు పంపుతుంది. కొన్ని నోడులు ఒకేసారి ఆ మాట అంటే, ఆ 60 సెకన్ల కొలతలను మాత్రం కిందినుంచి అడిగి తెప్పించుకుంటారు. మిగతాది అక్కడే చెరిగిపోతుంది.

వాళ్లు దీని గురించి రాసిన పేపరు నాన్నకు చూపించాను. నాన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో పనిచేసి రిటైరయ్యారు. తార్నాక చౌరస్తా నుంచి ఉప్పల్ వైపు వెళ్తుంటే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఒకే రోడ్డు మీద వస్తాయి. మా చిన్నతనమంతా ఆ రోడ్డే. 1961లో పెట్టిన నాన్న సంస్థకు 1967 డిసెంబర్‌లో వచ్చిన కొయనా భూకంపం దశాబ్దాలకు సరిపడా పని పెట్టింది. నాన్న ఉద్యోగంలో చేరేనాటికి భూకంపలేఖిని అంటే డ్రమ్ము, దానికి చుట్టిన కాగితం. ఆ కాగితానికి ఏరుకోవడం తెలియదు. పెద్ద భూకంపం వచ్చినా, రోడ్డు మీద లారీ పోయినా, ఏమీ జరగకపోయినా, గీత గీతే. గీత పడ్డ కాగితాన్ని పారెయ్యకూడదు అన్నది నాన్న జీవితంలో రాజీలేని నియమాలలో ఒకటి.

పేపరు చదివి నాన్న అడిగింది ఒకటే. “మిగతాదంతా ఏమయింది?”

“పోయింది నాన్నా. చోటు లేదు కదా.”

“అది అక్కర్లేదని చెప్పిందెవరు?”

నేను చోటు గురించి మాట్లాడుతుంటే ఆయన అధికారం గురించి అడుగుతున్నారని నాకు వెంటనే తట్టలేదు. నిజానికి శాస్త్రం కూడా అప్పటికే ఆయన పక్షాన చేరింది. భూకంపాలు లేనప్పుడు లేఖిని మీద కనబడే సన్నటి వణుకును ఏళ్ల తరబడి రొద అనుకుని పక్కన పెట్టారు. సముద్రపు అలలు నేలను తట్టడం వల్ల పుట్టే ఆ రొదను రెండు కేంద్రాల మధ్య పోల్చి చూస్తే భూమి లోపలి పొరల రూపం తెలుస్తుందని 2005లో తేలింది. 2020 లాక్‌డౌన్‌లో ఆ రొదలో మనుషుల వాటా ప్రపంచమంతటా తగ్గిపోవడం శాస్త్రవేత్తలు చూశారు. మనం ఇళ్లలో కూర్చున్నామన్న సంగతి నేలకు కూడా తెలిసింది. పెద్ద కదలికలనే ఏరుకునే యంత్రం దగ్గర ఈ రెండు సంగతులకూ చోటు ఉండదు.

అన్నీ దాచాలన్న పక్షానికి ఈ ఊళ్లోనే ఇంకో గొప్ప సాక్ష్యం ఉంది. 1919లో ఉస్మానియా చేతికి వచ్చిన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీయాలన్న అంతర్జాతీయ ప్రయత్నంలో తన వంతుకు వచ్చిన పట్టీని గాజు పలకల మీద తీసింది. 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేసింది. కొలిచినవాళ్లలో చాలామందికి దానివల్ల ఏం తేలుతుందో బతికుండగా తెలియలేదు. ఆ ప్రయత్నంలో అన్ని దేశాలూ కొలిచిన స్థానాలను శతాబ్దం చివర్లో ఉపగ్రహం కొలిచిన స్థానాలతో పోల్చి, నక్షత్రాలు ఎటు ఎంత జరిగాయో లెక్కగట్టారు. మనిషికి అంత ఓపికైన జ్ఞాపకం సాధ్యమేనని ఆ పలకలు చెబుతాయి. కానీ అందుకు ఒక భవనం కావాలి, జీతాలు కావాలి, ఒక ప్రభుత్వం కావాలి. చెట్టుకు వేలాడే నోడుకు అవేవీ లేవు. ఒంటరి మనిషికీ లేవు.

నాన్న పోయాక పన్నెండో రోజున సపిండీకరణం జరిగింది. అన్నయ్య కర్త. నేను వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి విన్న పేరే అయినా అందులో ఏం జరుగుతుందో ఆ రోజు వరకూ నేను పట్టించుకుని చూడలేదు. నాన్న పేర ఒక పొడుగాటి పిండం. పక్కన మూడు పిండాలు: నాన్న తండ్రికి, తాతకు, ముత్తాతకు. నాన్న పిండాన్ని మూడు భాగాలు చేసి ఆ మూడింటిలో కలిపేశారు. ప్రేతగా ఉన్న మనిషి అప్పటితో పితృదేవతలలో చేరాడని శాస్త్రిగారు చెప్పారు. ఆ తర్వాత ఏటా పెట్టే తద్దినంలో అన్నయ్య చెప్పేది మూడు పేర్లే: తండ్రి, తాత, ముత్తాత. వసువు, రుద్రుడు, ఆదిత్యుడు అని వరసగా మూడు రూపాలు. నాన్న వచ్చి వసువు స్థానంలో కూర్చున్నారు, తాతగారు రుద్రుడయ్యారు, ఆయన తండ్రి ఆదిత్యుడయ్యారు. మరి నిన్నటిదాకా ఆదిత్య స్థానంలో ఉన్న, నాన్నకు ముత్తాత అయిన ఆయన?

అడిగాను. శాస్త్రిగారు ఏమాత్రం తడుముకోకుండా చెప్పారు. “ఆయనకు ఇవాళే ఆఖరి పిండం అమ్మా. ఇక ఆయన లేపభాగి.”

పిండాలు పెట్టాక చేతికి అంటుకున్న మెతుకులను దర్భలకు తుడుస్తారు. ఆ తుడిచినది నాలుగు, అయిదు, ఆరు తరాలవారిది. పేరు చెప్పరు, విడిగా పిండం ఉండదు, కానీ భాగం ఉంటుంది. ఆరో తరం దాటితే ఆ భాగం కూడా లేదు. తరతరాలుగా నాన్నవాళ్ల నోళ్లలో నలిగిన ఒక పేరు ఆ మధ్యాహ్నం మా ఇంటి నాలుక మీది నుంచి దిగిపోయింది. ఎవరూ మరిచిపోవడం వల్ల కాదు. మంత్రం చదివి, నువ్వులూ నీళ్లూ వదిలి, మర్యాదగా దింపారు.

నాకు అక్కడ కూర్చునే ఇంకో పేపరు గుర్తుకొచ్చింది. 2003లో దీపక్ గణేశన్, డెబొరా ఎస్ట్రిన్, వాళ్ల సహచరులు సెన్సరు నెట్‌వర్కుల కోసం ప్రతిపాదించిన నిల్వ పద్ధతి. కొత్త కొలతలను పూర్తి వివరంతో ఉంచుతారు. అవి పాతబడుతుంటే వాటి సారాంశాన్ని మాత్రం ఉంచి వివరం చెరిపేస్తారు. ఇంకా పాతబడితే ఆ సారాంశాలకు ఇంకా ముతకైన సారాంశం. చోటు అయిపోయిన రోజున ఒక్కసారిగా శూన్యం కాకుండా మెల్లమెల్లగా మసకబారేలా, ఏ వయసు జ్ఞాపకానికి ఎంత చోటివ్వాలో ముందే లెక్కగడతారు. పిండం, లేపం, ఆపైన ఏమీ లేకపోవడం. నేను క్లాసులో బొమ్మ గీసి చెప్పే మెట్లు మా ఇంటి చాప మీద దర్భలతో పరిచి ఉన్నాయి.

పూర్వులకు కంప్యూటర్లు తెలుసునని నేను అనడం లేదు. అలాంటి మాటలు నాకు నచ్చవు, అవి పూర్వులనూ మనల్నీ ఇద్దరినీ అవమానిస్తాయి. వాళ్లు తెలుసుకున్నది వేరు. గుర్తుంచుకోవాలన్న కోరికకు హద్దు లేదు, గుర్తుంచుకునే మనిషికి హద్దుంది. ఆ హద్దు చూసి సిగ్గుపడకుండా దానికొక విధి ఏర్పాటు చేశారు. దాదాపు అన్ని మతాలూ ధారాళంగా మాట్లాడేది రెండో కొసను గురించి, దేన్నీ వదలని చిట్టా గురించి. పాతబస్తీలో కందికల్ గేటు దగ్గర చిత్రగుప్తుడికి గుడే ఉంది. ఇస్లాంలో మనిషి చేసేదంతా రాసే గౌరవనీయులైన లేఖకుల ప్రస్తావన ఖురాన్ 82వ సూరాలో వస్తుంది. ఆ చిట్టా మన నడవడికి అవసరమే, నేను కాదనను. కానీ చిట్టా ఒక్కటే ఉంటే లోకం నడవదని కూడా ఆ మతాలకే తెలుసు. బైబిల్లో యెషయా గ్రంథం 43వ అధ్యాయంలో దేవుడు తన ప్రజల పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనంటాడు. గీత 15వ అధ్యాయంలో కృష్ణుడు జ్ఞాపకమూ, జ్ఞానమూ, అవి తొలగిపోవడమూ మూడూ తననుంచే వస్తాయంటాడు. అన్నీ గుర్తుండగలిగినవాడు కూడా వదలడం ఒక పనిగా చేస్తున్నాడు. అలాంటప్పుడు 10 కిలోబైట్ల వాళ్లం మనం వదలడాన్ని నేరంగా భావించుకోవడంలో అర్థం లేదు.

అయితే నాన్న ప్రశ్న దీనితో తీరదు. సపిండీకరణంలో దిగిపోయిన పెద్దాయన మూడు తరాలపాటు పూర్తి పిండం తిన్నాడు. రెవెంతదోర్ మీద చెరిగిపోయిన రొదకు ఒక్కపూటైనా అలాంటి మర్యాద దక్కలేదు. వచ్చినప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈ రెండూ ఒకే మరుపు కావు.

ఈ తేడాకు ఒక శాస్త్రం ఉందని నాకు క్యాంపస్‌లో పొద్దుటి నడకలో తెలిసింది. ఉస్మానియాలో 1954 నుంచి సంస్కృత అకాడమీ ఉంది. అక్కడికి వచ్చిపోయే రిటైర్డు మాష్టారొకరు ల్యాండ్‌స్కేప్ గార్డెన్ వైపు నడుస్తుంటారు. ఆయనకు న్యాయశాస్త్రం ప్రాణం. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో స్మృతిని ఎలా నిర్వచించాడో చెప్పారు: కేవలం సంస్కారం వల్ల పుట్టే జ్ఞానం. ప్రత్యక్షంగా చూసినప్పుడు మనసులో ఒక ముద్ర మిగులుతుంది, ఆ ముద్ర మేలుకుంటే స్మృతి. అందుకే నైయాయికులు స్మృతిని ప్రమాణాలలో చేర్చరు, అది పాత అనుభవం మీదే ఆధారపడుతుంది కనుక. నేను మా నోడుల సంగతి చెప్పాను. అన్నీ చూస్తాయి, కొన్నే ఉంచుకుంటాయి అని.

“మనమూ అంతేగా అమ్మాయ్,” అన్నారు. “చూసిన ప్రతిదీ సంస్కారాన్ని మిగల్చదు. కారికావళిలో విశ్వనాథుడు స్పష్టంగా చెప్పాడు. ఉపేక్షతో చూసింది ముద్ర వెయ్యదు.”

దారి పక్కన గడ్డిపోచలు ఎన్నో కంటికి కనిపిస్తాయి. కనిపించలేదని అనలేం. కానీ సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. మరిచిపోయాం అనడం కూడా సరికాదు, మరిచిపోవడానికి అక్కడ ఏమీ రాసి లేదు. అంటే జ్ఞాపకం విషయంలో మనిషి చేసే అసలు పని తలచుకునేటప్పుడు జరగదు, మరిచిపోయేటప్పుడూ జరగదు. చూసే క్షణంలోనే, ఇది లెక్కలోకి వస్తుంది, ఇది రాదు అని తేల్చేటప్పుడే జరిగిపోతుంది. దోషం ఏ క్షణాన జరుగుతుందన్న నా ప్రశ్నకు పదిహేడో శతాబ్దపు తర్కగ్రంథం ఇంత కచ్చితంగా జవాబిస్తుందని నేను అనుకోలేదు. మరుపుకు మనిషి బాధ్యుడు కానక్కర్లేదు. ఉపేక్షకు బాధ్యుడే.

సెన్సరులో ఉపేక్షకు ఒక అంకె ఉంటుంది. థ్రెషోల్డు అంటాం. అంతకంటే తక్కువ మార్పును నోడు పంపదు, చాలాసార్లు దాచుకోదు కూడా. నాకు భయం కలిగించేది ఆ అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు, దేనితో పోల్చి మార్పు అంటున్నామన్నది. కిందటి నిమిషంతో పోల్చి, అర డిగ్రీ మారితే చెప్పమన్నామనుకోండి. మే నెలలో హైదరాబాదు పొద్దున్నే 28 డిగ్రీలతో మొదలై, ఎనిమిది గంటల్లో 42కు చేరుతుంది. నిమిషానికి సుమారు 0.03 డిగ్రీ. నోడు రోజంతా కొలుస్తూనే ఉంటుంది, ఒక్కసారి కూడా నోరు విప్పదు. ప్రతి నిమిషమూ నిజమే చెప్పుకుంటూ పద్నాలుగు డిగ్రీలను పోగొట్టుకుంటుంది. అదే చివరిసారి పంపిన విలువతో పోల్చమంటే అర డిగ్రీ పెరిగినప్పుడల్లా చెబుతుంది. రెండు ప్రోగ్రాముల మధ్య తేడా ఒక్క వరసే.

రోజూ కళ్లముందు తిరిగే మనిషి చిక్కిపోవడం ఇంట్లోవాళ్లకు తెలియదు, ఏడాదికోసారి వచ్చే చుట్టం గుమ్మంలోనే గుర్తుపడుతుంది. ఇంట్లోవాళ్లకు ప్రేమ తక్కువై కాదు, వాళ్లు నిన్నటితో పోల్చుకుంటారు. ఇదే క్యాంపస్ 1969లో ముల్కీ హక్కుల కోసం రోడ్డెక్కినప్పుడు అది ఉన్నట్టుండి వచ్చిన గొడవలా కనిపించింది ఎవరికో ఆలోచించండి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నుంచి ఏ ఏటికాయేడు కిందటేడుతో పోల్చుకుంటూ వచ్చినవాళ్లకు. మొదట ఇచ్చిన మాటతో పోల్చుకున్నవాళ్లకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. నెమ్మదిగా పెరిగే బాధకు ఎప్పుడూ ఇదే గతి. ఏ ఒక్కరోజూ అది కబురు పంపదగ్గంత పెద్దది కాదు. మన మనస్సాక్షి దేనితో పోల్చుకుంటోందన్నది నా దృష్టిలో ఏ ప్రాయశ్చిత్తం కంటే ముందు అడగవలసిన ప్రశ్న.

చోటు లేనివాళ్లకు ఇంకో ధర్మం ఉంది. వదలబోయేముందు అప్పగించడం. ఈ నోడులను ఇంటర్నెట్‌కు కలిపే పద్ధతుల్లో ఆర్‌పీఎల్ అనేది 2012లో ప్రమాణమైంది. అందులో దారులను గుర్తుంచుకోవడానికి రెండు మార్గాలు. మొదటిదానిలో ప్రతి నోడూ తన కింద ఉన్నవాళ్లందరికీ దారి గుర్తుంచుకుంటుంది. దాని పట్టిక నిండితే కొత్తగా చేరినవాడికి చోటుండదు, పైనుంచి ఎవరు పిలిచినా వాడికి వినపడదు. రెండోదానిలో నోడుకు గుర్తుండవలసింది తన పైవాడెవరో, అంతే. చెట్టు మొత్తం రూపం మూలంలో ఉన్న ఒక్కడికే తెలుసు. కిందికి కబురు పంపేటప్పుడు దారంతా ఆ మూలమే రాసి పంపుతుంది.

మా వీధిలో ఒక శ్రీవైష్ణవుల ఇంటావిడతో ఈ మాట అన్నప్పుడు ఆవిడ వరాహ చరమ శ్లోకం చెప్పారు. ఒళ్లు బాగున్నప్పుడు, మనసు నిలకడగా ఉన్నప్పుడు తనను తలచిన భక్తుణ్ని, వాడు కొయ్యలా రాయిలా పడి ఉన్నప్పుడు తానే గుర్తుంచుకుంటానని వరాహస్వామి భూదేవికి మాట ఇస్తాడు. అప్పుడు భక్తుడు గుర్తుంచుకోనక్కర్లేదు. అంత్యకాలంలో దేన్ని తలిస్తే దాన్నే పొందుతావన్న గీత 8వ అధ్యాయపు హెచ్చరికతో చిన్నప్పటి నుంచి బెదిరిన నాకు ఇది పెద్ద ఊరట. భద్రాచల రామదాసు దాశరథీ శతకంలో ఒక పద్యం కూడా ఈ భయంలోంచే పుట్టింది. చివరి ఘడియలో నీ స్మరణ కలుగుతుందో లేదో, అందుకని ఇప్పుడే భజించేస్తానంటాడు ఆయన. బ్యాటరీ ఉండగానే పంపెయ్యాలన్న జాగ్రత్త అది. తెలుగు ఇళ్లలో ఎందరో పెద్దలు ఈ పద్యాన్ని అవసరం రాకముందే నోటికి పట్టి ఉంచుకుంటారు.

నెట్‌వర్కులో మూలం నా ల్యాబు బల్ల మీదే ఉంటుంది. కబురు అందితే అందినట్టు జవాబు వస్తుంది. ప్రార్థనకు అలాంటి జవాబు నాకెప్పుడూ రాలేదు. జవాబు అడగని ప్యాకెట్లు కూడా ఉంటాయి మా ప్రోటోకాళ్లలో, వాటిని పంపినవాడు పంపి ఊరుకుంటాడు. నేను అలాగే దండం పెట్టుకుంటాను. కానీ మూలం అంతా చూసుకుంటుందిలే అని పక్కవాళ్లకు అప్పగించవలసినది అప్పగించకపోవడాన్ని నేను భక్తి అనలేను. దేవుడికి నా కబురు అక్కర్లేకపోవచ్చు. నా తర్వాతి మనిషికి కావాలి. వేదాన్ని పదంగా, క్రమంగా, జటగా, ఘనగా తిప్పితిప్పి చెప్పించి ఒక నోటినుంచి ఇంకో నోటికి దించినవాళ్లు, దేవుడికి గుర్తుంటుందిలే అనుకోలేదు.

మూడు పేర్ల పట్టికలో ఎక్కనివాళ్లను గురించి కూడా చెప్పాలి. తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, ఇలా ఆడవాళ్లకూ వరస ఉంది. కానీ అది కొడుకుల వైపు నుంచే నడుస్తుంది. పుట్టింటి పట్టికలో కూతురుగా నాకు చోటు లేదు. పిల్లలు లేకుండా పోయిన మేనత్త, ఏ తిథిన పోయాడో తెలియని బాబాయి, పురిట్లో పోయిన పసికందు, వీళ్లకు నిత్యపు పద్ధతిలో ఏ గదీ లేదు. అన్నయ్యకు ఒక్కతే కూతురు. తన తర్వాత ఎవరు చెబుతారని వాడు శాస్త్రిగారిని అడిగితే, సూటిగా జవాబు రాలేదు. శాస్త్రం పేరు చెప్పి వేసిన థ్రెషోళ్లలో కొన్ని మనుషులు వేసినవేనని నా నమ్మకం. వాటిని మళ్లీ చూసుకోవలసిన వంతు మన తరానిది.

తెలంగాణలో మాత్రం ఒక రోజు ఉంది, పెత్రమాస. భాద్రపద అమావాస్య. ఆ రోజున ఇంటింటా పెద్దలకు బియ్యం ఇస్తారు. తిథి తెలియనివాళ్లు, వంశం ఆగిపోయినవాళ్లు, ఎవరి లెక్కలోనూ లేనివాళ్లు, అందరికీ కలిపి. కులంతో పెద్దగా పనిలేదు, మూడు తరాల హద్దు లేదు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. ఆర్ట్స్ కాలేజీ ముందు అమ్మాయిలు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే పొద్దున పెట్టిన బియ్యం గురించి ఎవరూ ప్రత్యేకంగా అనుకోరు, అనుకోనక్కర్లేదు కూడా.

పెత్రమాస స్ఫూర్తితోనే నేను మా నోడుల్లో ఒక మార్పు చేయిస్తున్నాను. దాచుకునే చోటులో చిన్న ముక్కను, 512 బైట్లను, థ్రెషోల్డుతో సంబంధం లేకుండా విడిగా పెట్టిస్తాను. అంటే 256 కొలతల చోటు. మొదటి 256 కొలతలు అందులోకి నేరుగా వెళ్తాయి. ఆ తర్వాత వచ్చే ప్రతి కొలతకూ, అది ఎన్నోదో చూసి, ఒకటి నుంచి అంతవరకూ ఒక అంకెను యాదృచ్ఛికంగా తీస్తారు. ఆ అంకె 256కు మించకపోతే ఆ నంబరు గదిలో ఉన్నది పోయి ఇది చేరుతుంది. లేకపోతే ఇదే పోతుంది. ఏడాది చివర చూస్తే మొదటి రోజు కొలతకూ నిన్నటి కొలతకూ, పెద్దదానికీ చిన్నదానికీ, మిగలడానికి సమానమైన అవకాశం ఉంటుంది. మొత్తం ఎన్ని వస్తాయో ముందు తెలియనక్కర్లేదు. రిజర్వాయర్ శాంప్లింగ్ అంటారు, 1985లో జెఫ్రీ విట్టర్ రాసిన పేపరుతో బాగా ప్రచారంలోకి వచ్చింది. పిల్లలకు ఇది నిమిషంలో అర్థమవుతుంది. ఎందుకు పెట్టాలన్నదే ఎక్కువసేపు చెప్పాలి. “వాటిలో ఏముంటుంది మేడమ్, ఉత్త రొదేగా,” అంటారు. కావచ్చు. ఏది రొదో తేల్చే అధికారం మనకు పూర్తిగా లేదని ఒప్పుకోవడానికే ఆ చోటు.

అన్నయ్యకు చెబితే బాగుందన్నాడు. నాన్న ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఏడాదికి 5 లక్షల పైచిలుకు కొలతల్లో 256 ఉంచి మర్యాద అంటావేమిటని అడిగేవారు. చోటు లేదు నాన్నా అని నేను మళ్లీ అనేదాన్ని. ఇంకో మెగాబైటు ఖరీదెంత అని ఆయన అడిగేవారు. ఇప్పుడు అది చాలా చవక, నిజమే. వచ్చే సెమిస్టరుకు పెద్ద ఫ్లాష్ ఉన్న బోర్డులు తెప్పించమని రాశాను. అవి కూడా నిండుతాయి కాబట్టి, కోడు రాయడానికి ముందు మా విద్యార్థులు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసివ్వాలని నియమం పెట్టాను: ఈ నోడు దేన్ని వదులుతుంది, వదిలేలోపు దాని సారం ఎవరికి చేరుతుంది, మార్పును దేనితో పోల్చి చూస్తుంది. మూడోదానికి ఇచ్చే మార్కులు మిగతా రెంటికీ ఇచ్చే మార్కుల కంటే ఎక్కువ.